సప్లీ ఉన్నవాళ్లకు పాఠాలు అక్కర్లేదా?

సంపాదకుల వారికి,

సెమిస్టర్ అవగానే ఆన్‌లైన్ కోర్సులను ఆర్కైవ్ చేసేయడం మంచి పద్ధతనీ, సర్వర్ తేలికపడుతుందనీ సోమవారం మీ చదువు పేజీలో రాశారు. చదివి ఒళ్లు మండింది. ఆ ఊడుపులో ఏమేం పోతాయో ఒక్క విద్యార్థినైనా అడిగారా?

నేను ఇంజనీరింగ్ కాలేజీలో గణితం చెబుతాను. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ లెక్కలన్నీ చేత్తో రాసి, స్కాన్ చేసి మా కాలేజీ ఆన్‌లైన్ కోర్సుల వేదిక మూడిల్‌లో పెట్టాను. వాటి కింద పిల్లలు వేసిన ప్రశ్నలు నా పాఠం కన్నా విలువైనవి. హారంలో ఎస్ స్క్వేర్ ప్లస్ వన్ ఉంటే పైన ఒక్క ‘ఎ’ చాలదా, ‘ఎ ఎస్ ప్లస్ బి’ ఎందుకని ఒకమ్మాయి అడిగింది. వెనక బెంచీ కుర్రాడొకడు రెండు రకాలుగానూ లెక్క చేసి, ‘ఎ’ ఒక్కటే పెడితే ఎక్కడ ఆగిపోతుందో చూపించాడు. తర్వాతి బ్యాచ్ కూడా అక్కడే నేర్చుకుంది.

వేసవిలో మాకు మాటైనా చెప్పకుండా బ్యాకప్ తీసి, కోర్సు మొత్తం తీసేశారు. సప్లిమెంటరీ ముందు ఒక విద్యార్థి ఫోన్ చేసి, “మేడం, మ్యాథ్స్-టూ కోర్సు కనిపించట్లేదు, ఏం చదవాలి?” అంటే తెలిసింది. సిస్టమ్స్ వాళ్లను నిలదీస్తే బ్యాకప్ ఉంది కదా అన్నారు. యూజర్ డేటా లేకుండా తీసిన బ్యాకప్ అది! పీడీఎఫ్‌లు తిరిగొచ్చాయి. ఆ ప్రశ్నలూ జవాబులూ ఇక రావు.

నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చని జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనలే చెబుతున్నాయి. పరీక్షకు ఎనిమిదేళ్లు, పాఠానికి ఆరు నెలలా? ఫీజు కట్టించుకునేటప్పుడు సప్లీ విద్యార్థి గుర్తుంటాడు, పాఠం దగ్గరికొచ్చేసరికి గుర్తుండడు.

చోటు చాలదంటారా? విద్యాసంస్థలకిచ్చిన అపరిమిత స్టోరేజీని గూగుల్ 2022లో ఎత్తేసి, సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల పరిమితి పెట్టిన మాట నిజమే. కానీ చోటంతా తినేది వీడియోలు, నోట్సు కాదు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఆర్కైవ్ చేసిన తరగతిని కూడా విద్యార్థులు తెరిచి చదువుకోవచ్చు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాత పాఠాలు ఇవాళ్టికీ యూట్యూబ్‌లో ఉన్నాయి.

మీ వెబ్‌సైటూ తక్కువ తినలేదు. మీ లెక్కల శీర్షిక లింకులు పిల్లలకు పంపితే, నొక్కగానే మొదటి పేజీకి పోతున్నాయి. అంత మంచి శీర్షికను ఎందుకు తీసేశారు?

మూడిల్‌లో కోర్సుకు ముగింపు తేదీ పెట్టకుండా వదిలేసే వీలుంది. ఆ నిర్ణయం పాఠం చెప్పేవాళ్ల చేతిలో ఉండాలి. తీసేయక తప్పదంటే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి, చర్చలతో సహా బ్యాకప్ తీయాలి, సప్లీలున్న వాళ్లకు చదువుకునే వీలైనా ఉంచాలి. మీ విలేకరి ఈసారి సప్లిమెంటరీకి వారం ముందు ఏదైనా హాస్టల్‌కు వెళ్లి, పిల్లలతో మాట్లాడి మళ్లీ రాయాలి.

— ఒక గణిత అధ్యాపకురాలు, వరంగల్