ఎంగిలి మీద నేరం మోపితే ఎలా?

"వైరస్ వల్ల కూడా క్యాన్సర్ వస్తుందిట" అన్న మాట చెవిన పడగానే మన ఇళ్లల్లో మొదట జరిగే పనేమిటి? కంచం వేరు చేయడం. తర్వాత గ్లాసు, దుప్పటి, ఆఖరికి మంచం. జబ్బుపడింది పసివాడైతే తల్లి మీద విచారణ మొదలవుతుంది. "ఎవరెవరు ఎత్తుకుంటే ఊరుకున్నావు? ఎవరి ఎంగిలి తినిపించావు?" అని. అప్పటికే సగం చచ్చి ఉన్న ఆ తల్లి, తను నమిలి పెట్టిన ముద్దలూ పెట్టుకున్న ముద్దులూ లెక్కేసుకుంటూ కూర్చుంటుంది.

అందుకే ఈ వైరస్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. దీని పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. హెర్పిస్ కుటుంబానికి చెందింది, అంటే ఆటలమ్మ తెచ్చే వైరస్‌కి చుట్టమే. ముఖ్యంగా ఎంగిలి ద్వారానే వస్తుంది, అది నిజం. కానీ ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్లలో ఇది ఉంది. మీలో ఉంది, నాలో ఉంది, విచారణ చేస్తున్న అత్తగారిలోనూ ఉండే ఉంటుంది. ఒకసారి ఒంట్లో చేరిందా, జన్మంతా రక్తకణాల్లో నిద్రపోతూ ఉంటుంది. మన పిల్లల్లో చాలామందికి ఊహ తెలియని వయసులోనే వచ్చేస్తుంది. రెండ్రోజుల జ్వరంగానో, అసలు ఏమీ తెలియకుండానో పోతుంది. చిన్నప్పుడు తప్పించుకుని యుక్తవయసులో పట్టుబడ్డవాళ్లకే గొంతు నొప్పి, బిళ్లలు, వారాల తరబడి నీరసం.

మరి క్యాన్సర్‌తో దీనికి లంకె ఎక్కడ కుదిరింది? ఉగాండాలో. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ 1957లో కంపాలాలో దవడలు ఉబ్బిపోయిన పిల్లల్ని చూశాడు. ఆ జబ్బు ఏ ప్రాంతాల్లో ఉందో తెలుసుకోవడానికి 1961లో పాత కారేసుకుని ఆఫ్రికాలో వేల మైళ్లు తిరిగాడు. వానలు, వేడి, మలేరియా ఉన్నచోటే ఈ గడ్డలూ ఉన్నాయి. ఆ ఏడాదే ఆయన లండన్‌లో చేసిన ప్రసంగం విని ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ గడ్డల ముక్కలు తెప్పించుకున్నాడు. ఎప్‌స్టీన్, బర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ కలిసి 1964లో వాటిలో ఈ వైరస్‌ని చూపించారు. ఈ ముగ్గురిలో బార్ ఆడమనిషి. పెళ్లయి ఆస్ట్రేలియా వెళ్లాక పరిశోధన ఉద్యోగం దొరకక బడిలో లెక్కలూ సైన్సూ చెప్పుకున్నారు. వైరస్ పేరులో సగం ఆవిడది. పేరు దక్కింది, పని దక్కలేదు. సరే, అది ఇంకో సంపాదకీయం.

ఈ వైరస్ అమాయకురాలని నేననడం లేదు. అది క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. బర్కిట్ గడ్డలు, హాడ్జ్‌కిన్ లింఫోమాలో కొన్ని, ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్, కడుపు క్యాన్సర్లలో దాదాపు పదో వంతు దీనితో ముడిపడి ఉన్నాయి. కానీ వైరస్ వందల కోట్ల మందిలో ఉంటే క్యాన్సర్ అందులో ఏ కొద్దిమందికో వస్తోంది. ఎందుకని? వైరస్ తను చేరిన కణాన్ని "పెరుగు, పెరుగు" అని ఎగదోస్తుంది. మామూలుగా ఒంట్లోని కాపలా కణాలు దాన్ని అదుపులో పెడతాయి. మాటిమాటికీ మలేరియా వస్తే ఆ కాపలా సడలుతుంది. ఆ సందులో కణంలోని ఎనిమిదో క్రోమోజోము ముక్క విరిగి, చాలాసార్లు పద్నాలుగో దానికి అతుక్కుంటుంది. దాంతో పెరుగుదల జన్యువుకి పగ్గాలు తెగిపోతాయి. అదీ బర్కిట్ గడ్డ పుట్టుక. దక్షిణ చైనాలో వంశపారంపర్యమూ, చిన్ననాటి నుంచి తినే ఉప్పుచేపా తోడవుతాయి. మన దేశంలో ముక్కు వెనక క్యాన్సర్ నాగాలాండ్‌లో ఎక్కువ. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి, ఎయిడ్స్ ఉన్నవాళ్లకి కూడా కాపలా తగ్గడమే చిక్కు. ఇన్ని కలిస్తే గాని జరగనిదాన్ని ఒక తల్లి ముద్దుకి అంటగట్టడం ఏం న్యాయం?

దీనికి టీకా ఇంకా రాలేదు. ఆడపిల్లలకి వేయించమంటున్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేరే వైరస్‌కి. రెంటినీ కలిపేసి ఆ టీకా మానుకోవద్దు, తప్పకుండా వేయించండి.

అనుమానించాల్సింది ఎంగిలిని కాదు, బిళ్లని. మెడలోనో చంకలోనో నొప్పి లేకుండా కట్టిన బిళ్ల మూడు నాలుగు వారాలైనా కరగకపోతే, రాత్రిళ్లు ఒళ్లు తడిసేలా చెమటలు పోస్తుంటే, కారణం లేకుండా చిక్కిపోతుంటే, ఒక పక్క ముక్కులోంచే మాటిమాటికీ నెత్తురొస్తుంటే డాక్టరుకి చూపించాలి. నొప్పి లేదు కదా అని ఇంట్లో అందరి పనులూ అయ్యాక చూసుకుందామనుకునేది మనమే. ముక్క తీసి పరీక్ష చేస్తామంటే "కత్తి తగిలితే పాకుతుందిట" అంటారు. పాకదు. పెళ్లి కావాల్సిన పిల్లయితే "మెడ మీద గాటు పడుతుంది" అని వాయిదా వేస్తారు. హాడ్జ్‌కిన్ లింఫోమా సరైన వైద్యంతో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. ఆ గాటుకి భయపడి పోగొట్టుకునేది ఆ అవకాశాన్నే.

ఇక కంచం సంగతి. క్యాన్సర్ అంటుకోదు. మందులు ఎక్కించే రోజుల్లో రోగికి నిరోధక శక్తి పడిపోతుంది గనక గిన్నెలు శుభ్రంగా కడగాలి, చేతులు కడుక్కుని దగ్గరికి వెళ్లాలి, జలుబు చేసినవాళ్లు దూరంగా ఉండాలి. ఆ జాగ్రత్తంతా మన నుంచి రోగిని కాపాడటానికి.