ఆటలో పాఠము

ఆటయు చదువును పరస్పర విరోధులని పెద్దలు పలువురు తలంతురు. ఆ తలంపు సరియైనది కాదు. వామనగుంటలాడు బాలిక చింతగింజలను గుంటలలో పంచుచునే లెక్క నేర్చుచున్నది. పులిజూదమాడు బాలుడు ఎదుటివాని ఎత్తును ముందుగా ఊహించుట నేర్చుచున్నాడు. అచట పాఠము ఆటకు వెలుపల లేదు, ఆటయే పాఠము. విద్యార్థులకై వీడియో ఆటలను కల్పించువారు మొదట గ్రహింపవలసిన ధర్మమిదియే.

ఇందుకు చక్కని నిదర్శనము అమెరికాలో కలదు. 1971వ సంవత్సరమున మినియాపొలిస్ నగరమందు డాన్ రావిచ్ అను యువకుడు ఉపాధ్యాయ శిక్షణ పొందుచు, ఎనిమిదవ తరగతివారికి చరిత్ర బోధించుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున వేలకొలది కుటుంబములు బండ్లు కట్టుకొని, రమారమి 2,000 మైళ్లు పయనించి, ఆరెగాన్ సీమకు వలసపోయెను. ఆ వృత్తాంతమును పిల్లల మనస్సులకు హత్తింపనెంచి, బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బెర్గర్ అను మిత్రుల సాయముతో అతడు 'ఆరెగాన్ ట్రెయిల్' అను కంప్యూటర్ ఆటను కల్పించెను. నాడు దానికి బొమ్మలు లేవు, తెరయు లేదు. టెలిటైప్ యంత్రము కాగితముపై అక్షరములను అచ్చొత్తుచుండెను. ఐనను పిల్లలు మిక్కిలి ఉత్సాహముతో ఆడిరి.

దానికి హేతువేమి? ఆటగాని చేతిలోని సొమ్ము పరిమితము. ఎడ్లకెంత, ఆహారమునకెంత, వస్త్రములకెంత వెచ్చింపవలయునో అతడే నిర్ణయింపవలెను. వస్త్రములకు లోభించినచో చలికి బాధపడవలెను. కొన్నేండ్లకు రావిచ్ నాటి ప్రయాణికుల దినచర్యలను చదివి, దారిలో ఏ ఆపద ఎంత తరచుగా కలిగెనో లెక్కించి, ఆటను తదనుగుణముగ సవరించెను. ఇట్లు చరిత్ర ఆటకు ప్రాణమయ్యెను.

విద్య పేరిట వెలువడు ఆటలు కొన్ని ఇట్టివి కావు. వానిలో బండి పరుగెత్తుచుండగా నడుమ నొక గుణకారము ఎదురగును. జవాబు చెప్పినగాని బండి కదలదు. అది పాఠము కాదు, దారిలో చెల్లించు సుంకము. సుంకమును త్వరగా వదిలించుకొనుటయే బాలునకు అలవడును.

ఆరెగాన్ ట్రెయిల్‌కును లోపము లేకపోలేదు. ఆ నేలపై తరతరములుగా జీవించిన ఆదివాసుల కష్టము అందు చాలినంత కానరాదను విమర్శ కలదు. ఆట ఎవరి కన్నులతో చూపునో, ఆడువాడు వారి కన్నులతోనే చూచును. కావున నిర్మాత బాధ్యత గ్రంథకర్త బాధ్యతకు తీసిపోదు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇట్టి ఆటలను కల్పింపగలరు. "దీనిలో గెలుచుటకు ఏమి తెలిసియుండవలెను?" అని వారు ముందుగా ప్రశ్నించుకొనవలెను. తెలియవలసినది పాఠమే యైనచో ఆ ఆట బడికి తగును. కానిచో అది వట్టి కాలక్షేపము. దానిని ఆ పేరుతోనే పిలుచుట న్యాయము.