జీతం తగ్గలేదు కదా, ఇంకేం నష్టం?

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు దారి మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. ఈ మూడు ఊళ్ళలో ఉద్యోగాలు చేసే స్త్రీలతో మాట్లాడడానికి రెండేళ్ళుగా తిరుగుతున్నాను. నేను అడగడానికి వెళ్ళింది జీతాల గురించీ, ప్రసూతి సెలవుల గురించీ. వాళ్ళు మాత్రం ఎక్కడ మొదలుపెట్టినా బదిలీ దగ్గరికే వచ్చేవారు. జీతం సంగతి ఎట్లాగో సర్దుకుంటామనీ, ఎప్పుడు ఎక్కడికి విసిరేస్తారో అన్న భయంతోనే నోరు మూసుకుని ఉంటున్నామనీ చెప్పారు.

ధర్మవరంలో ఒక ఆఫీసులో పనిచేసే జూనియర్ అసిస్టెంటు సంగతి చెప్తాను. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. భర్త వదిలేసి వెళ్ళి ఏడేళ్ళయింది. విడాకులు తీసుకోలేదు. తల్లి ఇంటి దగ్గర పట్టు కండెలు చుడుతూ మనవరాలిని చూసుకుంటుంది. పై అధికారి తనని పిలిచే తీరు మీద, సాయంత్రం ఆరు దాటాక ఫైళ్ళ నెపంతో ఆపేసే తీరు మీద ఈమె కాగితం రాసి ఇచ్చింది. నెల తిరక్కుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది. కర్ణాటక సరిహద్దులో, మడకశిర అవతల మండలానికి. పెనుకొండలో ఒక బస్సు, మడకశిరలో ఇంకో బస్సు మారాలి. రోజూ వెళ్ళి రావడం కుదరని పని. అక్కడ కాపురం పెడితే కూతురి చదువు, తల్లి పని రెండూ తెగిపోతాయి. పైగా ఆ పల్లెల్లో కన్నడం వస్తే తప్ప ఇల్లు అద్దెకు దొరకడం కూడా కష్టమే.

అడగడానికి వెళితే ఆమెకు దొరికిన జవాబు ఇది: “అదే జిల్లా, అదే పోస్టు, అదే జీతం. జీతం తగ్గలేదు కదమ్మా, నీకు ఇంకేం నష్టం?”

ఈ ప్రశ్నను కొట్టిపారేయకుండా నిజంగానే అడిగి చూద్దాం. జీతం తగ్గకపోతే నష్టం లేనట్టేనా? మగ ఉద్యోగి బదిలీ అయినప్పుడు తనతో పాటు ఒక పెట్టె, ఒక పరుపు తీసుకుపోతాడు. ఇల్లూ పిల్లలూ ఎవరో ఒక స్త్రీ చేతిలో ఉంటాయి. ఉద్యోగిని బదిలీ అయినప్పుడు ఆమె వెనక ఆ స్త్రీ ఉండదు. ఆమే ఆ స్త్రీ. పాల ప్యాకెట్టు తెచ్చే మనిషి నుంచి, రాత్రి తొమ్మిదింటికి బస్టాండు నుంచి ఇంటికి తోడొచ్చే పక్కింటి అన్న దాకా, ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న ఏర్పాటంతా ఒక్క కాగితంతో కూలిపోతుంది. జీతం రిజిస్టరులో ఇవేవీ కనపడవు గనక చట్టానికీ కనపడవు.

కోర్టులు ఇంతకాలం ఏమన్నాయి? బదిలీ అన్నది ఉద్యోగంలో భాగమనీ, ఒకే చోట ఉండే హక్కు ఎవరికీ లేదనీ అన్నాయి. 1991లో శిల్పీ బోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. ఆ కేసు పూర్వాపరాలు చిత్రమైనవి. బీహారులో ప్రాథమిక పాఠశాల టీచర్లు కొందరు భర్తలు పనిచేసే చోటికి బదిలీ అడిగారు, ప్రభుత్వం ఇచ్చింది, దానివల్ల కదలాల్సి వచ్చిన వాళ్ళు కోర్టుకెక్కారు. ఆనాడు ఆ సూత్రం కొందరు స్త్రీలకు మేలు చేసింది. 1993లో ఎస్.ఎల్. అబ్బాస్ కేసులో అదే సూత్రం ఎదురు తిరిగింది. భార్యాభర్తల్ని ఒక్కచోట ఉంచాలన్నది మార్గదర్శక సూత్రమే తప్ప చట్టబద్ధమైన హక్కు కాదన్నారు. దురుద్దేశం రుజువైతేనో, చట్టనిబంధన ఉల్లంఘన జరిగితేనో తప్ప కోర్టు జోక్యం చేసుకోదు. దురుద్దేశం ఎట్లా రుజువు చేయాలి? ‘పరిపాలనా సౌలభ్యం కోసం’ అన్న రెండు ముక్కల వెనక ఏ ఉద్దేశమైనా దాక్కోవచ్చు.

ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు. అమెరికాలో సెయింట్ లూయీ నగర పోలీసు శాఖలో జటోనియా మల్డ్రో అనే సార్జెంటు 2008 నుంచి 2017 దాకా నిఘా విభాగంలో పనిచేసింది. కొత్తగా వచ్చిన అధికారి ఆమెను అక్కడి నుంచి తీసి మామూలు గస్తీ పనుల పర్యవేక్షణకు పంపి, ఆ స్థానంలో మగవాణ్ణి పెట్టాడు. పని ప్రమాదకరమైనది గనక మగవాడైతే బాగుంటుందన్నది ఆయన ఆలోచన. ఆమెను హోదాతో కాక ‘మిసెస్’ అని పిలిచేవాడట. హోదా అదే, జీతం అదే. పోయినవి ఇంటికి తీసుకెళ్ళే కారు, వారాంతపు సెలవులు, పై అధికారులతో కలిసి పనిచేసే అవకాశం. పెద్ద నష్టమేమీ చూపలేదని కింది కోర్టులు ఆమె కేసు కొట్టేశాయి. 2024 ఏప్రిల్ 17న అక్కడి సుప్రీంకోర్టు వాటిని సరిదిద్దింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం, లింగ వివక్షతో జరిగిన బదిలీ వల్ల ఎంతోకొంత హాని కలిగిందని చూపితే చాలు, అది ‘గణనీయమైన’ హాని అని రుజువు చేయనక్కర్లేదని చెప్పింది. సెయింట్ లూయీలో ఆమె విన్న మాటకీ, ధర్మవరంలో ఈమె విన్న మాటకీ తేడా ఎంత?

మన దగ్గర అలాంటి చట్టం లేదని అనుకునేరు. ఉండేది. 1976 నాటి సమాన వేతన చట్టం అంటే కూలి రేట్ల చట్టమేనని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. కానీ 1987 సవరణతో దాని ఐదో సెక్షనులో, ఉద్యోగంలో చేరాక ప్రమోషన్లు, శిక్షణ, బదిలీ వంటి విషయాల్లో కూడా స్త్రీల పట్ల వివక్ష చూపరాదని రాశారు. ‘బదిలీ’ అన్న మాట అక్షరాలా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉంది. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళిన ఉద్యోగిని నాకు ఈ మూడు ఊళ్ళలో ఒక్కరూ తగల్లేదు. ఆ సెక్షను చదివానని చెప్పిన యూనియన్ నాయకుడూ తగల్లేదు.

ఇప్పుడు ఆ మాట పోయింది. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చి సమాన వేతన చట్టాన్ని మింగేసింది. కోడ్ మూడో సెక్షనులో వేతనాల్లో వివక్ష వద్దన్నారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు పని షరతుల్లో వివక్ష వద్దన్నారు. చేరిన తర్వాత ప్రమోషన్, శిక్షణ, బదిలీ అన్న వరస ఎక్కడా లేదు. కార్మిక చట్టాల్ని సులభతరం చేస్తున్నామని చెప్పి ఇరవై తొమ్మిది చట్టాల్ని నాలుగు కోడ్‌లుగా కుట్టారు. ఆ కుట్టులో ఏ గుడ్డముక్క జారి కింద పడిందో ఎవరూ అడగలేదు. మన సంఘాలు కూడా ఎనిమిది గంటల పని గురించి, సమ్మె హక్కు గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మన రాష్ట్రంలో ఇది మరింత పట్టించుకోవలసిన విషయం. 1984లో ఉద్యోగ నియామకాల్లో స్త్రీలకు ముప్ఫై శాతం కేటాయిస్తూ పెట్టిన నిబంధన మీద కేసు నడిచి, 1995లో విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మరుసటి ఏడాదే అది మూడో వంతు అయింది. లోపలికి వచ్చే ద్వారం కోసం అంత పోరాటం జరిగింది. లోపలికి వచ్చినవాళ్ళని ఏ మూలకు నెడుతున్నారో చూసే నిబంధన మాత్రం లేదు. జిల్లా మారాలంటే సీనియారిటీ వదులుకుని అందరికంటే చివర నిలబడాలి. పెళ్ళయితే ఊరు మారేది ఎవరు? నిబంధనలో ‘స్త్రీ’ అన్న మాట లేకపోయినా దాని దెబ్బ తగిలేది ఎక్కువగా స్త్రీకే. ఇట్లా పైకి సమానంగా కనిపిస్తూ ఒక వర్గాన్ని దెబ్బతీసే నియమాన్ని పరోక్ష వివక్ష అంటారు. సైన్యంలో స్త్రీల శాశ్వత కమిషన్ గురించిన నితీష కేసులో, 2021లో, సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా గుర్తించింది. 2022లో నౌషాద్ రహమాన్ కేసులో బదిలీ విధానాలు రూపొందించేటప్పుడు స్త్రీల మీద పడే ఇంటిపని భారాన్నీ, కుటుంబ జీవితాన్నీ లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. చెప్పి, కేసులో ఉన్న సర్క్యులర్‌ను మాత్రం నిలబెట్టింది! పునరాలోచించమని ప్రభుత్వానికి వదిలేసింది.

భార్యాభర్తల్ని ఒక్కచోట ఉంచడమనే ఏర్పాటు గురించి నాకు మొదటి నుంచీ అనుమానమే. అది అవసరమే, కాదనను. కానీ అది స్త్రీని ఉద్యోగినిగా కాక ఒకరి భార్యగా చూసి చేసే ఉపకారం. ధర్మవరం ఆమె దరఖాస్తు నింపుతూ నన్ను అడిగింది: “మేడమ్, భర్త యాడ పనిచేస్తాడని రాయల్ల? యాడుండాడో నాకే తెల్దు.” వితంతువు అని రాయలేదు, భర్త ఉన్నట్టూ రాయలేదు. ఆమెకు ఆ కాగితంలో గడే లేదు.

ప్రభుత్వ ఉద్యోగం గనక ఆమె చేతికి ఒక ఉత్తర్వయినా వచ్చింది. హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో అదీ లేదు. ఒకమ్మాయి చెప్పింది: “ఆర్డరు గీర్డరు ఏం లేదక్కా. సూపర్‌వైజరు వచ్చి రేపట్నుంచి ఆ యూనిట్‌కు పో అన్నాడు. కడుపుతో ఉండాను, అంత దూరం బండిలో ఎట్ల పోవల్లంటే, పోకుంటే మానుకో అన్నాడు.” మానుకుంది. రికార్డుల్లో ఆమె తనంతట తాను మానుకున్నట్టే ఉంటుంది. ప్రసూతి సెలవు ఇవ్వనక్కర్లేదు, తీసేశారన్న మాటా రాదు. ఇంకో రకం బదిలీ ఊరు కూడా దాటదు. మిషను మీద నుంచి లేపి దారాలు కత్తిరించే హెల్పరు పనిలో నిలబెడతారు. పెద్ద గొంతుతో మాట్లాడిన వాళ్ళకి ఇది శిక్ష అని లైనులో అందరికీ తెలుసు.

దీనికి చట్టం లేదా? ఉంది. యాజమాన్య విధానం ముసుగులో దురుద్దేశంతో కార్మికుల్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం అన్యాయమైన కార్మిక విధానమని పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూలులో ఉండేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా రెండో షెడ్యూలులో దాన్ని ఉంచింది. కానీ స్టాండింగ్ ఆర్డర్లు ఉండాల్సిన ఫ్యాక్టరీ పరిమాణాన్ని వంద మంది నుంచి మూడు వందలకు పెంచింది. రాతలో నియమాలే లేని చోట ఉల్లంఘన ఎట్లా చూపిస్తారు?

లైంగిక వేధింపుల విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 1997లో విశాఖ తీర్పే బాధితురాలికి తన బదిలీ గానీ, వేధించినవాడి బదిలీ గానీ కోరుకునే వీలుండాలని చెప్పింది. 2013 చట్టం పన్నెండో సెక్షను ప్రకారం విచారణ సాగుతుండగా బదిలీకి కమిటీ సిఫారసు చేయవచ్చు, అదీ ఆమె రాతపూర్వకంగా అడిగితేనే. అడగకుండా ఆమెనే పంపేయడం ఆ సెక్షనులో ఎక్కడా లేదు. ఆచరణలో జరిగేది మాత్రం అదే. ‘నీ రక్షణ కోసమే’ అంటారు. ఆఫీసులో మిగిలిన ఆడవాళ్ళకు అందే సందేశం వేరు: కాగితం రాస్తే ఊరు దాటిస్తారు.

ఈ తంతును సుప్రీంకోర్టు ఒకసారి సూటిగా పట్టుకుంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకులో, ఇండోర్‌లో చీఫ్ మేనేజరుగా ఉన్న అధికారిణి మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అవకతవకల గురించి రాసింది. పై అధికారి లైంగికంగా వేధిస్తున్నాడని కూడా ఫిర్యాదు చేసింది. 2017 డిసెంబరులో ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సర్సావా శాఖకు పంపారు. అది ఆమె హోదా కన్నా ఎంతో కిందిస్థాయి అధికారి నడిపే శాఖ. విచారణ కమిటీలో బయటి సభ్యుడిగా కూర్చోబెట్టింది బ్యాంకు సొంత ప్యానెల్ వకీలునే. 2020 ఫిబ్రవరి 25న కోర్టు ఆ బదిలీ కక్షసాధింపేనని తేల్చి, ఆమెను తిరిగి ఇండోర్‌లో నియమించమంది. యాభై వేలు ఖర్చులు ఇమ్మంది. బాగుంది. కానీ ఆమె చీఫ్ మేనేజరు, రెండేళ్ళకు పైగా కోర్టుల్లో నిలబడగలిగింది. జూనియర్ అసిస్టెంటు నిలబడగలదా?

‘అందరాడవాళ్ళూ రైలు స్టేషన్ పక్కనే ఉద్యోగం కావాలంటే సరిహద్దు పల్లెల్లో బడి ఎవరు నడపాలి?’ అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ పల్లెల్లో కూడా చదువుకోవలసిన ఆడపిల్లలే ఉన్నారు. అయితే టీచర్ల బదిలీలకు పాయింట్లు, ఖాళీల జాబితా, కౌన్సెలింగ్ ఉన్నాయి. లోపాలు ఎన్నయినా ఉండనీ, ఎవరు ఎందుకు ఎక్కడికి పోతున్నారో గోడ మీద కాగితం చూసి తెలుసుకోవచ్చు. మేము స్త్రీలను బదిలీ చేయవద్దనడం లేదు. ఫిర్యాదు చేసిన నెలలో జరిగిన బదిలీకి, కడుపుతో ఉన్న మనిషి బదిలీకి కారణం చూపవలసిన బాధ్యత పంపినవాళ్ళ మీద ఉండాలంటున్నాం. దురుద్దేశాన్ని ఆమె రుజువు చేయడం కాదు, సదుద్దేశాన్ని వాళ్ళు రుజువు చేయాలి. వేతనాల కోడ్‌లోకి ఆ మూడు మాటలూ సవరణగా తిరిగి రావాలని మన ఎంపీలకు రాయాలి. ఈలోగా సర్వీసు బదిలీల మార్గదర్శకాల్లో ఆ నియమం పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వానికి ఏ అడ్డంకీ లేదు.

ధర్మవరం ఆమె ఇంకా కొత్తచోట చేరలేదు, సెలవు పెట్టింది. సెలవు ఎన్నాళ్ళో సాగదు. పోయిన వారం ఇద్దరం కూర్చుని రెండు కాగితాలు రాశాం. ఒకటి వేధింపుల ఫిర్యాదు ఏమైందని, పన్నెండో సెక్షను కింద తాను ఏ బదిలీ కోరలేదని. రెండోది సమాచార హక్కు చట్టం కింద, తన బదిలీ ఫైలులో నోట్ షీట్ల నకళ్ళు ఇవ్వమని. జవాబుకు ముప్ఫై రోజుల గడువు ఉంది. బదిలీ ప్రతిపాదన మొదట ఏ తేదీన, ఎవరి సంతకంతో మొదలైందో అందులో ఉండాలి.