నేల విడిచి సాము

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ రేసు కార్లు పరుగెత్తాయి. నగరం నడిబొడ్డున రోడ్లు మూసేసి, స్టాండ్లు కట్టి ప్రపంచాన్ని పిలిచాం. మరుసటి ఏడాది పందెం రద్దయింది. ఆ ఆర్భాటమంతా అయ్యాక వరంగల్ కుర్రాడికో, విజయవాడ అమ్మాయికో రేసు కారు స్టీరింగ్ పట్టుకునే దారి దొరికిందా? దొరకలేదు. ఇది నేల విడిచి సాము కాక మరేమిటి?

అడిగితే ఒకటే జవాబు: 'రేసింగ్ కోటీశ్వరుల ఆట.' ఈ మాట నేను ఒప్పుకోను. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ దాన్ని ఏనాడో అబద్ధం చేశారు. మారుతి 800 ఇంజిను తీసుకుని ఒంటి సీటు రేసు కారు కట్టారు. ఫార్ములా మారుతి అంటే అదే. ఏ ఊరి మెకానిక్కయినా విప్పి బిగించగల ఇంజిను అది. నారాయణ్ కార్తికేయన్ రేసింగ్ మొదలైంది ఆ కారుతోనే. 2005లో ఆయన ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యారు.

నేటి ఫార్ములా ఎల్‌జీబీ 1300దీ అదే బాట. స్విఫ్ట్ ఇంజిను, గొట్టాల చట్రం, బయటికి కనిపించే చక్రాలు. బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. మలుపు ముందు బ్రేకు కాస్త ఎక్కువ తొక్కితే ముందు చక్రం బిగుసుకుపోతుంది, పొగ లేస్తుంది, టైరు ఒకచోట అరిగిపోతుంది. ఇక చివరి ల్యాపు దాకా స్టీరింగ్ చేతుల్లో అదురుతూనే ఉంటుంది. అందరిదీ ఒకే రకం కారు కాబట్టి డబ్బు పోసి వేగం కొనడం కష్టం, పాదానికి పనితనం ఉండాల్సిందే.

మరి అడ్డం ఏమిటి? దూరం. జాతీయ స్థాయి సింగిల్ సీటర్ పందేలంటే మనవాళ్లు చెన్నైకో, కోయంబత్తూరుకో పరుగెత్తాలి. ప్రయాణం, బస, టీముకిచ్చే అద్దె, టైర్లు, గుద్దుకుంటే మరమ్మతు... జీతం మీద బతికే ఇల్లు ఇక్కడే చేతులెత్తేస్తుంది. వేగం పిచ్చి మాత్రం చావదు. అది అర్ధరాత్రి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డెక్కుతుంది, ప్రాణాలు తీస్తుంది. ఆ చావులకు కుర్రాళ్లను మాత్రమే తిట్టి ఊరుకోవడం అన్యాయం.

పాలకులను నేను అడిగేది రంగుల పండుగ కాదు. కరివర్ధన్ పేరు మోస్తున్న కోయంబత్తూరు ట్రాకు పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకే. అలాంటిదొకటి తెలుగు నేల మీద కట్టండి. ట్రాకు భద్రత చూసే శిక్షణ పొందిన మార్షళ్లను, అంబులెన్సును పెట్టండి. ఇంజినుకు సీలు, టైర్లకు పరిమితి పెట్టి ఖర్చు కట్టడి చేయండి. స్పాన్సర్లారా, మీరు తారలకు పోసేదాంట్లో కొంత ఈ పిల్లల టైర్లకు పెట్టండి.

మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అప్పు చేసి కారు కొనకండి. కారు కొంటే షెడ్డు, ట్రైలరు, మెకానిక్కు, విడిభాగాలు అన్నీ మీ నెత్తినే పడతాయి. ముందు కార్టింగులో చెయ్యి తిరగనివ్వండి. శిక్షణ తీసుకుని, దేశంలో మోటార్ క్రీడలను నడిపే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు పొందండి. టీము దగ్గర సీటు అద్దెకు తీసుకోండి. కారు దెబ్బతింటే ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి. రోడ్డు మీద మాత్రం పందెం కట్టకండి. మీకు కావలసింది ట్రాకు, అది ఇమ్మని గట్టిగా అడగండి.