అగ్నిగుండాల... ఒక్క మార్కేనా?

అగ్నిగుండాల దేనికి ప్రసిద్ధి? రాగి, సీసం. అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ళని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. సరే, మరి అంత రాగి ఉంటే అక్కడ పెద్ద రాగి గని ఏదీ? ఈ ప్రశ్న బిట్ బ్యాంక్‌లో ఉండదు. అసలు కథ మాత్రం అక్కడే ఉంది.

ఊరు పల్నాడులో, వినుకొండ దగ్గర, నల్లమల అంచున ఉంటుంది. 'కడప బేసిన్' అని చదువుకుంటారు కదా, దాని ఈశాన్య మూల ఇది. వంద కోట్ల ఏళ్ళకు ముందెప్పుడో నీళ్ళ అడుగున పేరుకున్న బురద, ఇసుక, సున్నం ఇప్పుడు ఫిల్లైట్, క్వార్ట్‌జైట్, డోలమైట్ రాళ్ళయ్యాయి. తర్వాత అవి నలిగి మడతలు పడ్డాయి. ఇలాంటి రాళ్ళలోకి లోహాన్ని మోసుకొచ్చేది ఎక్కువగా వేడి ఉప్పునీళ్ళే. దారిలో గంధకం తగిలితే లోహం దాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. రాగి, ఇనుము, గంధకం కలిస్తే చాల్కోపైరైట్. సీసం, గంధకం కలిస్తే గెలీనా.

వెండి కోసం వెతక్కండి, కనిపించదు. అది చాలాసార్లు గెలీనాలోనే దాక్కుంటుంది. మన దేశంలో తయారయ్యే వెండి ఎక్కువగా సీసం, జింకు తీసేటప్పుడు వెంట వచ్చేదే. బంగారం కూడా కొన్నిచోట్ల రాగి ఖనిజం చాటున ఇలాగే వస్తుంది. ఇక పసుపుగా తళతళలాడేది చూసి బంగారం అనుకుంటారే, అది చాలాసార్లు పైరైట్!

ఇక్కడి రాగి సంగతి కొత్తదేం కాదు. బెంజమిన్ హేన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలోనే దీని గురించి రాశాడు. మన కాలంలో డ్రిల్లింగ్ చేసి చూస్తే బండ్లమోటులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రెండూ ఉన్నాయని తేలింది. బండ్లమోటు సీసాన్ని హిందుస్థాన్ జింక్ చాలా ఏళ్ళు తవ్వింది, తర్వాత గని మూసేసింది. నల్లకొండ రాగి మాత్రం పెద్ద గని కాలేకపోయింది.

ఎందుకంటే 'ఉంది' వేరు, 'తవ్వితే గిట్టుబాటు' వేరు. కొండ మీద పచ్చ మరక (మాలకైట్) కనబడితే అది జాడ మాత్రమే. కింద ఎన్ని టన్నులుంది, టన్నుకి ఎంత లోహం వస్తుంది, ఎంత లోతు, పైన అడవి ఉందా, మార్కెట్లో రేటెంత... ఇవన్నీ కలిసి రావాలి. రాయిలో రాగి 1 శాతం ఉంటే టన్నుకి వచ్చేది 10 కిలోలు, మిగతా 990 కిలోలు పక్కన పోయాల్సిందే. అందుకే వెతుకులాటకి డబ్బు పెట్టేవాళ్ళు తక్కువ. వాళ్ళని రప్పించడానికే 2023లో గనుల చట్టం మార్చి, రాగి, బంగారం, వెండి సహా 29 ఖనిజాలకి ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ తెచ్చారు. పరీక్షకి ఇది పనికొస్తుంది, రాసుకోండి.

పరీక్ష లేనివాళ్ళకీ పనికొచ్చేది ఒకటుంది. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో 3,000 టన్నులకు పైగా బంగారం దొరికిందని ఫోన్లన్నీ మోగిపోయాయి. జీఎస్ఐ వెంటనే లెక్క చెప్పింది: అక్కడున్నది సుమారు 52,806 టన్నుల ఖనిజం, టన్నుకి 3.03 గ్రాముల బంగారం. గుణించుకోండి, 160 కిలోలు. అంటే హిమాయత్‌నగర్ షాపులో మీరు చూసే 10 గ్రాముల గొలుసుకి మూడు టన్నులకు పైనే రాయి పగలగొట్టాలి. ఈసారి 'బంగారు కొండ' అంటూ ఎవరైనా షేర్లు కొనమని మెసేజ్ పంపితే ఆ రెండు నంబర్లు అడగండి: ఖనిజం ఎన్ని టన్నులు, టన్నుకి ఎన్ని గ్రాములు?

మైలారం రాగి ముచ్చట వచ్చే వారం.