మోర్వాన్ కొండలలో సైకిలు యాత్ర

సైకిలు పురుషుల వాహనమనియు, గృహిణికి దానితో పనిలేదనియు మేమును చాలకాలము తలచితిమి. పుట్టినింట భారత భాగవతములు చదువుకొంటిమి గాని సైకిలు తొక్కుట నేర్చుకొనలేదు. మా మరిది ఫ్రాన్సు దేశమున దిజోన్ పట్టణమందు ఉద్యోగము చేయుచున్నాడు. వేసవి సెలవులలో తప్పక రావలెననియు, కొండదారులలో సైకిళ్లమీద తిప్పి చూపెదననియు అతడు వ్రాయగా, మావారు సాయంకాలములందు బడి ఆటస్థలమున మాకు సైకిలు నేర్పిరి. రెండుసార్లు పడితిమి, మోచేయి దోక్కొనిపోయినది. మూడవ వారమునకు చక్రము మా మాట విన్నది. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట నేర్చుకొనరాని విద్య ఇది కాదని సోదరీమణులకు మొదటనే మనవి చేయుచున్నాము.

దిజోనునకు పడమట మోర్వాన్ అను కొండసీమ కలదు. దానిని 1970వ సంవత్సరమున ప్రాంతీయ ప్రకృతి ఉద్యానముగా ఏర్పాటు చేసిరి. ఉద్యానమనగా పూలతోట కాదు. గ్రామములు, పచ్చిక బయళ్లు, పశువుల మందలు, అడవులు అన్నియు యథాప్రకారముగా నుండగా, ఆ సీమ సౌందర్యము చెడకుండ కాపాడుటయే అచ్చటి ఏర్పాటు. అందలి ఉన్నత శిఖరము 901 మీటర్లు మాత్రమే. మన అరకులోయ ఎంత యెత్తున నున్నదో ఇంచుమించుగా అంతయే. అయినను దారి ఒక ఫర్లాంగు సమముగా నుండదు. ఎక్కినంతసేపు పట్టదు, మరల దిగవలెను; దిగి ఊపిరి తీసికొనులోపల మరల ఎక్కవలెను. ఆ కొండల నడుమ ఆనకట్టలు కట్టి నింపిన పెద్ద జలాశయములు ఆరు కలవు.

మావారు సామాన్యమైన సైకిలే చాలునని పంతము పట్టిరి. మేము మాత్రము విద్యుత్తు సాయము గల సైకిలు అద్దెకు తీసికొంటిమి. అందును మనము తొక్కుట మానరాదు; కాలి బలమునకు అది కొంత తోడు పడునంతే. మా తోడికోడలు చెప్పిన మాటలు కొన్ని ఇచ్చట వ్రాయుచున్నాము. "అక్కయ్యా, మెట్ట రాకముందే గియరు తగ్గించుకొనుము, కాలు బరువెక్కిన పిమ్మట తగ్గించిన గొలుసు తడబడును. దిగునప్పుడు రెండు బ్రేకులను కొంచెము కొంచెముగా నొక్కుచు వదలుచు రమ్ము, ముందుచక్రమును ఒక్కసారిగా బిగించితివా, బోర్ల పడెదవు" అని ఆమె హెచ్చరించెను. చీరకు మారుగా సల్వారు ధరించి, పులిహోర పొట్లములును నీళ్లును సంచిలో పెట్టుకొని బయలుదేరితిమి. మూడు దినముల యాత్రలో ఏ దినమునను 40 కిలోమీటర్లు దాటలేదు.

మొదటి దినమున షాతో-షినోన్ పట్టణము నుండి దిగి పాన్సియేర్ జలాశయపు టొడ్డున పోతిమి. ఆరింటిలోను ఇదియే పెద్దది. యోన్ నదికి అడ్డముగా కట్టిన యీ ఆనకట్ట 1949లో పూర్తియైనది. యోన్ పోయి సేన్ నదిలో కలియును. సేన్ పారిసు నగరము నడుమ పారును. 1910లో ఆ నగరము వరదలో మునిగిన కథ ప్రసిద్ధమే కదా. చలికాలపు వరదను ఇచ్చట పట్టి యుంచి, వేసవిలో నది సన్నగిల్లినప్పుడు విడిచిపెట్టుదురు. ఎక్కడి కొండలు, ఎక్కడి పారిసు! ఆ రాత్రి ఊరూ అను గ్రామమున బస చేసితిమి.

రెండవ దినమున మోంసోష్ గ్రామము మీదుగా సెత్తోన్ జలాశయము చేరితిమి. మోంసోష్ గ్రామమును 1944 జూను మాసమున జర్మను సైనికులు తగులబెట్టిరి. ఇప్పుడు కనబడు ఊరు మరల కట్టుకొన్నది. సెత్తోన్ జలాశయమును చుట్టివచ్చుట సుమారు 15 కిలోమీటర్లు. కొత్తగా నేర్చినవారికి ఇంతకంటె అనుకూలమైన దారి ఆ సీమలో లేదు. దేవదారువంటి చెట్ల నీడ, పక్కనే నీరు, మెట్టలు స్వల్పము.

ఈ ఆనకట్ట పుట్టుక వింతగా నున్నది. 19వ శతాబ్ది నడుమ దీనిని కట్టినది పంటలకును కాదు, త్రాగునీటికిని కాదు, కట్టెల కొరకు! పారిసు ఇండ్లలో పొయ్యి వెలుగుటకు ఈ యడవుల కట్టెను కొట్టి క్యూర్ నదిలో విడిచెడివారు. నీరు చాలనప్పుడు జలాశయమునుండి వదలి, ఆ ప్రవాహముతో కట్టెలను క్రిందికి కొట్టించుకొని పోయి, దిగువన తెప్పలుగా కట్టి నగరమునకు చేర్చెడివారు. మన గోదావరిలో టేకు దూలములు తెప్పలుగా రాజమహేంద్రవరము చేరుట పెద్దలవలన వినియుంటిమి గనుక మాకిది సులభముగా బోధపడినది.

మూడవ దినమున అలీనీ గ్రామము చేరితిమి. అచ్చట దాదుల ప్రదర్శనశాల కలదు. కట్టెయు, నీరును మాత్రమే ఈ కొండలనుండి పారిసునకు పోలేదు. తల్లిపాలును పోయినవని అచ్చట తెలిసికొంటిమి. 19వ శతాబ్దిలో ఈ గ్రామముల బాలింతలు తమ పసికందులను ముసలివారి చేతిలో పెట్టి, పారిసు ధనికుల శిశువులకు పాలిచ్చుటకై పోయెడివారు. తెచ్చిన జీతముతో కట్టుకొన్న ఇండ్లను "పాల ఇండ్లు" అని నేటికిని పిలుతురు. దారిలో పలకల కప్పుతో ముచ్చటగా నున్నవని మేము మెచ్చుకొన్న ఇండ్లలో అట్టివి ఎన్ని యున్నవో!

విడిచివచ్చిన పసివాండ్ర గతి యేమి? మోంసోష్‌లో వైద్యుడుగా నుండిన మోనో అనునతడు దాదుల వృత్తిని గూర్చియు, శిశుమరణములను గూర్చియు 1867లో గ్రంథము వ్రాసెను. 1874లో చట్టము వచ్చినది. దాదిగా పోదలచిన స్త్రీ తన బిడ్డకు ఏడు నెలలు నిండినవనియో, లేనిచో వేరొక స్త్రీ ఆ బిడ్డకు పాలిచ్చుచున్నదనియో పత్రము చూపవలెనని అందులో విధించిరి. ఇదిగాక, దిక్కులేని బిడ్డలను ప్రభుత్వమువారు పారిసునుండి ఈ గ్రామములకు పంపి పెంపించెడివారు. ప్రసిద్ధ రచయిత ఝాన్ జెనే అట్లు ఈ అలీనీలోనే పెరిగెను. పెంచిన తల్లిపేర రాధేయుడని పిలువబడిన కర్ణుని కథ మాకు తలపునకు వచ్చినది.

ఆ శాలనుండి వెలుపలికి వచ్చి సోల్యూ పట్టణపు దారి పట్టితిమి. మెట్ట యెక్కునంతసేపు మాకు మా యిల్లే కండ్లయెదుట నుండెను. మా యింట వంటకు సాయము వచ్చు అమ్మాయి తెల్లవారి ఆరుగంటలకే వచ్చును. ఆమెకు నాలుగు నెలల బిడ్డ గలదని మాకు తెలియును. ఆ వేళ ఆ బిడ్డకు పాలిచ్చువారెవరని మేము ఒక్కనాడును అడిగినవారము కాము. చట్టము లేదు, పత్రము లేదు, అడుగవలసినవారము మేమే.

తిరిగివచ్చిన మరునాడు అడిగితిమి. "మా అత్త గంజి పోయునమ్మా" అని తల వంచుకొని చెప్పినది. ఇప్పుడామె ఎనిమిదింటికి బిడ్డతో వచ్చును. మా వసారా దూలమునకు ఉయ్యాల కట్టితిమి. జీతము తగ్గించలేదు. ఉదయపు ఫలహారము మేమే చేసికొనుచున్నాము. కూరలు తరుగుట మావారి వంతు. మొదట కొంత విసుగుకొన్నను, కొండమీద తమ సైకిలు మా సైకిలునకు వెనుకబడిన సంగతి జ్ఞాపకము చేయగానే ఊరకుండిరి.

సోదరీమణులు మోర్వాన్ పోవలెనని మేము చెప్పము. సైకిలు మాత్రము నేర్చుకొనుడు. బండిలో కూర్చుండి పోవువారికి మెట్ట తెలియదు. తన కాలితో ఎక్కినవారికే, క్రింది యూరి కుళాయిలో వచ్చు నీరు ఏ కొండమీదినుండి దిగివచ్చినదో తెలియును.