సాలబ్ మిశ్రి దుంప: అడవిలో తవ్వొద్దు, పెరట్లో పెంచండి

హైదరాబాద్ పాతబస్తీలో, దబీర్‌పురా వంటి పేటల్లో, యునానీ వైద్యానికి నేటికీ ఆదరణ ఉంది. అందులో బలానికి వాడే సాలబ్ మిశ్రి నేలలో పెరిగే ఆర్కిడ్ మొక్కల దుంప. హిమాలయాల్లోని రకాలతో పాటు మన పొడి అడవుల్లో కనిపించే యులోఫియా జాతి దుంపలనూ అదే పేరుతో వాడుతున్నారు. మంచి ధర పలుకుతుందని విని వీటిని తవ్వి అమ్మొచ్చా, ఎకరంలో వేయొచ్చా అని రైతులు అడుగుతున్నారు.

ఎందుకు తరిగిపోతోంది?

కిలో ఎండు సాలబ్ పొడికి జాతిని బట్టి 1,000 నుంచి 4,000 దుంపలు కావాలి. ఆర్కిడ్ విత్తనం ధూళిలా సన్నగా ఉంటుంది. అందులో ఆహార నిల్వ ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది, పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తవ్విన చోట మళ్లీ మొక్క లేవడం కష్టం.

చట్టం ఏమంటోంది?

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఆర్కిడ్లన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం 'సైటీస్' కిందికి వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన వన్యప్రాణి చట్ట సవరణ ఆ ఒప్పందాన్ని మన చట్టంలో చేర్చింది. విదేశాలకు పంపాలంటే అనుమతి తప్పనిసరి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న జీవవైవిధ్య చట్ట సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు ఇస్తోంది. అయితే స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఇచ్చే మూల ధ్రువపత్రం ఉండాలి. కాబట్టి మొక్క కొన్న రసీదు భద్రపరచుకోండి.

పెంచే పద్ధతి

• అడవి దుంప వద్దు. నర్సరీలో పెంచిన మొక్కనే రసీదుతో కొనండి. గ్రౌండ్ ఆర్కిడ్ పేరుతో ఎక్కువగా దొరికే స్పాథోగ్లాటిస్ పూల మొక్క, సాలబ్ కాదు.
• ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన ఆకు ఎరువు సమపాళ్లలో కలపండి. నల్లరేగడిలో ఎత్తు మడి చేయాలి.
• పాతబస్తీ ఇంటి పెరట్లోనైనా, పల్లెలో మామిడి చెట్టు కిందనైనా పలుచని నీడ ఉండాలి. దుంపను లోతుగా పూడ్చొద్దు.
• ఆకులున్నంత కాలం తడి ఆరకుండా చూడండి. ఆకులు ఎండిపోయాక నీరు ఆపండి, లేదంటే దుంప కుళ్లుతుంది.
• పచ్చి పేడ వేయొద్దు. అవసరం లేకుండా శిలీంధ్రనాశిని పోయొద్దు; మేలు చేసే శిలీంధ్రమూ చస్తుంది.

ఆదాయం సంగతి

ఇప్పటికైతే ఇది పెరటి మొక్కే, ఎకరాల పంట కాదు. దుంప పెరగడానికి ఏళ్లు పడుతుంది, కొనుగోలుకు భరోసా లేదు. ఎకరాకు లక్షలు వస్తాయి, పంట మేమే కొంటాం అంటూ మొక్కలు అంటగట్టేవారికి అడ్వాన్సు ఇవ్వొద్దు. ముందు పది కుండీల్లో పెంచి, రెండు మూడేళ్లు చూశాకే విస్తరణ గురించి ఆలోచించండి.